పక్క మునుం

నాటు వేయడం అంటే వెనక్కి నడిచే పని. వంచిన నడుము ఎత్తకుండా, ఎడమ చేతిలోని నారుకట్టలోంచి కుడిచేత్తో పోచలు తీసి బురదలో గుచ్చుతూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ పోవాలి. ఆడవాళ్ల నడుములన్నీ ఒకే వరసలో జరుగుతుండాలి. ఎవరి చెయ్యి ఆలస్యమైనా ఆ మనిషి వరసలోంచి విడిపోయి, అప్పుడే నాటిన మడిలో ఒక్కతే అందరి కళ్ల ముందూ మిగిలిపోతుంది. దాచుకోవడానికి చాటంటూ ఉండదు.

ఆండాళు అలా మిగిలిపోవడం ఆమె ముఠాలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

చివ్వెంల దగ్గరి ఊరు ఆమెది. భర్త పోయాక ఆడవాళ్లను పోగుచేసి నాట్ల ముఠా కట్టింది. కొడుకు జగదీశ్ ట్రాలీ ఆటో నడుపుతాడు. యాసంగి పంట కాలం వస్తే పొద్దున్నే ముఠాను ఎక్కించుకుని కోదాడ దాటి అనంతగిరి వైపు పొలాలకు తీసుకెళ్తాడు. అక్కడి రైతులకు ఆండాళు ముఠా అంటే నమ్మకం. పొలం మొత్తాన్ని గుత్తకు అప్పజెప్పి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతారు. గుత్త అంటే వచ్చింది అందరూ సమానంగా పంచుకోవడమే. కాబట్టి ఒకరి చెయ్యి మెల్లగా ఆడితే ఆ బరువు మిగతావాళ్ల నడుముల మీద పడుతుంది.

పొద్దున గట్టు మీద నిలబడి ఎవరు ఏ పట్టీ నాటాలో ఆండాళే చూపిస్తుంది. ఒక మనిషి పట్టుకునే ఆ పట్టీనే మునుం అంటారు. ముఠాలో ఎవరినీ రావద్దని నోటితో చెప్పే అలవాటు లేదు. వద్దనుకున్న మనిషికి మునుం చూపించరు, అంతే. ఆమె కాసేపు గట్టు మీద నిలబడి, తనకు తానే అర్థం చేసుకుని వెళ్లిపోవాలి.

ఆండాళుకు సుగర్ ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. అది సిగ్గుపడే సంగతేం కాదు, ముఠాలో సగం ఇళ్లల్లో ఎవరో ఒకరికి ఉంది. తెలియనిది వేరే ఉంది. సూర్యాపేటలో డాక్టరమ్మ సుగర్ గోలీలతో పాటు ఒక చిన్న తెల్ల గోలీ కూడా రాసింది. మందుల షాపతను అది ఇస్తూ, "ఇది గుండెకమ్మా, రాత్రిపూట వేసుకో" అన్నాడు. ఆ మాట వినగానే ఆండాళు చుట్టూ చూసింది, తెలిసినవాళ్లెవరైనా విన్నారేమోనని. గుండె మనిషి అంటే ఎవరు ముఠాలో ఉండనిస్తారు? "రోగమొచ్చినోళ్లు ఇంట్ల పండుకోవాలె, పొలంల గాదు" అని ఎన్నిసార్లో అన్నది తనే. ఆ తెల్ల గోలీలు చీరల కింద పడ్డాయి. మెల్లమెల్లగా సుగర్ గోలీలు కూడా తల తిరిగిన రోజునే వేసుకోవడం మొదలుపెట్టింది. సర్కారు దవాఖాన నుంచి ఇంటికొచ్చిన సిస్టరమ్మ అడిగితే మాత్రం "ఏసుకుంటున్న బిడ్డా" అనేది.

ఈ యాసంగిలో ఆమెకు ఆయాసం మొదలైంది. నాలుగు కట్టలు నాటేసరికి ఊపిరి అందదు. దవడలో ఏదో లాగినట్టుంటుంది. గ్యాస్ అనుకుంది. అనుకోవడమే సుఖంగా ఉంది.

అయినా ఆమె వరసలోంచి విడిపోలేదు. ఎందుకో మొదట్లో ఆమెకే అర్థం కాలేదు. తర్వాత అర్థమైనా, అర్థం కానట్టే ఉండిపోయింది. పక్క మునుం పుష్పాబాయిది. తండా నుంచి వచ్చే మనిషి, మాట తక్కువ. ఆమె తన పట్టీ నాటుకుంటూనే చెయ్యి చాచి ఆండాళు పట్టీలో సగం వరకు నాటేస్తోంది. ఆండాళు చెయ్యి మిగతా సగానికే సరిపోతోంది. దాంతో ఆండాళు వరసలోనే ఉంది. ఒకటిన్నర మునుం నాటే పుష్పాబాయి మాత్రం రోజూ ఒక్కతే ముందర మిగిలిపోతోంది.

"పుష్పాబాయీ, పొలంల ఫొటో దిగుతున్నవా ఏంది?" అన్నది స్రవంతి ఒక మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పుతూ. ముఠాలో వయసులో చిన్నది, నోరు పెద్దది. "మేమందరం ఎనక్కొచ్చినంక గూడ ఒక్కదానివే నిలవడ్డవ్!"

"ఫొటో గాదే, కొంగ. చాపల కోసం సూస్తున్నది" అన్నది వనిత. అందరూ నవ్వారు.

పుష్పాబాయి కూడా నవ్వింది. "కొంగకన్న రెక్కలుంటయ్. నాకు ఈ నడుమొక్కటే ఉన్నది."

"నవ్వుతన్నవ్ గని, గుత్తల అందరికి ఒకటే కూలి. నువ్వు నిలవడితె మేం గుంజాలె. పెద్దమ్మా, నువ్వన్న చెప్పవైతివి!"

ఆండాళు గిన్నెలోకి తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉంది. ఒక్క మాట చాలు, 'ఆమె నాటేది నా మునుం' అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట రాలేదు.

ఆ సాయంత్రం కాలువలో కాళ్లు కడుక్కుంటుంటే పుష్పాబాయి పక్కకొచ్చి కూర్చుంది.

"అక్కా, పొద్దంత దవడ పట్టుకుంటున్నవ్. గుంజుతున్నదా?"

"పన్ను నొప్పి."

"మా అన్న కాశీరాంకు గూడ గిట్లనే ఉండె. ఆయనకూ సుగరే. ఛాతిల నొప్పి లేకుండె. ఊకె ఆయాసం, దవడ గుంజుడు. గ్యాస్ అని సోడా కొనుక్కున్నడు. సీస చేతిల ఉండంగనే ఒరిగిండు."

ఆండాళు వంటి మీద నీళ్లు చల్లినట్టయింది. భయం కంటే ముందు కోపం వచ్చింది. "సచ్చిపోయినాయనతోని నన్ను గలుపుతవేందే? నాకేం రాలే. గీ మాట ముఠాల అన్నవంటె మంచిగుండదు."

"చెప్పదల్సుకుంటె నీ మునుంల నా చెయ్యెందుకు పెడత అక్కా?" పుష్పాబాయి గొంతు పెంచలేదు. "నేనెవ్వలకు చెప్పలే. కని నువ్వు దవాఖానకు పో. ఐతారం దాంక సూస్త. పోకుంటె జగదీశ్‌కు చెప్త. నాకు తిట్లు పడ్డా మంచిదే."

పుష్పాబాయి తన మునుం నాటుతోందని తనకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలుసు. ఇన్ని రోజులూ ఏమీ తెలియనట్టు నటించింది ఎవరి ముందు? ఆండాళుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆటోలో ఇంటికొచ్చే దారంతా కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. ఇల్లు చేరేసరికి ఆ సిగ్గు ఇంకోలా మారింది. ఈ మనిషి పక్కన ఉన్నన్నాళ్లూ తన పరువు ఆమె నోట్లో ఉంటుంది.

మర్నాడు గట్టు మీద ఆండాళు మునుంలు చూపించింది. వనితకు చూపించింది. తర్వాత పుష్పాబాయి వంతు. ఆండాళు చూపు ఆమె మీదుగా జారిపోయి స్రవంతి మీద ఆగింది. "స్రవంతీ, నువ్వు ఈ పట్టీ పట్టు. నా పక్కన."

ఎవరూ ఏమీ అడగలేదు. ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, న్యాయమే అన్నట్టు మడిలోకి దిగిపోయారు. పుష్పాబాయి కొంగు నడుముకు చెక్కుకుని గట్టు మీద నిలబడే ఉంది. ఆండాళు వంగి నారుకట్టలు సర్దడం మొదలుపెట్టింది, సర్దాల్సిందేమీ లేకపోయినా. అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. పుష్పాబాయి కొంగు విప్పి భుజం మీద వేసుకుని, సద్ది గిన్నె తీసుకుని, బస్సు దొరికే రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయింది.

ఆ రోజు చలి బాగా ఉంది. మడిలో నీళ్లు కాళ్లను కొరుకుతున్నాయి. అయినా పొద్దు కాస్త ఎక్కేసరికి ఆండాళు రవిక తడిసిపోయింది. చెమట చల్లగా ఉంది. పక్కన స్రవంతి తన పట్టీ తాను నాటుకుంటూ చకచకా వెనక్కి వెళ్లిపోయింది. వనిత వెళ్లిపోయింది. వరస మొత్తం వెళ్లిపోయింది. ఆండాళు తలెత్తి చూస్తే ఆడవాళ్లంతా దూరంలో వంగి ఉన్నారు. ఆమె ఒక్కతే మిగిలింది.

"పెద్దమ్మా, ఏమైంది?"

"నారు మంచిగ లేదే. ఏర్లు తెగుతున్నయ్" అన్నది. ఆ మాట పూర్తిచేయడానికే ఊపిరి చాలలేదు. దవడ నుంచి ఎడమ భుజం దాకా ఎవరో పిండుతున్నట్టుంది. ఛాతీలో మాత్రం నొప్పి లేదు. వాంతి వచ్చేలా ఉంది. ఆమె మెల్లగా బురదలోనే కూర్చుండిపోయింది.

నీళ్లు చూసుకోవడానికి వచ్చిన రైతు గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, గ్యాస్ పట్టేసినట్టుంది, పొద్దున్నే ఏం తినలేదా? ఉండండి, సోడా తెప్పిస్తాను."

సోడా అన్న మాట చెవిన పడగానే ఆండాళు రెండు చేతులూ ఎత్తింది. "సోడా వద్దయ్యా. దవాఖాన. నా కొడుకును పిలువుర్రి, దవాఖానకు."

కోదాడలో ఈసీజీ తీసి, గోలీలు నమిలించి, అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపారు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందని స్టెంట్ వేశారు. ఆలస్యం చేయకుండా వచ్చారు కాబట్టి బతికిందన్నారు. ఎవరి మాట వల్ల ఆలస్యం చేయలేదో ఆండాళు ఎవరికీ చెప్పలేదు.

తర్వాత సూర్యాపేట డాక్టరమ్మ దగ్గరికి జగదీశ్ తీసుకెళ్లాడు. ఆమె కాగితాలన్నీ చూసి కళ్లద్దాలు తీసింది.

"ఇది మొదటి గుండెపోటు కాదమ్మా. ఇంతకుముందే చిన్నది ఒకటి వచ్చిపోయింది. నీకు తెలియలేదు."

"నొప్పి రాకుండనే అస్తదా డాక్టరమ్మా?"

"నీ కాలికి ముల్లు గుచ్చుకుంటే తెలుస్తుందా?"

"తెల్వది. నెత్తురు సూస్తెనే తెలుస్తది."

"గుండె కూడా అంతే. సుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారిపోతాయి. గుండెలో నొప్పి పుట్టినా మనదాకా రాదు. అందుకే సుగర్ ఉన్నవాళ్లు ఛాతీ నొప్పి కోసం ఎదురుచూడొద్దు. ఊరికే ఆయాసం వచ్చినా, చల్లటి చెమట పట్టినా, దవడ, భుజం లాగినా వెంటనే రావాలి. ఇంకోటి, మీ బోరు పైపులో సున్నం పేరుకోవడం చూశావా? రక్తంలో చక్కెర ఎక్కువైతే రక్తనాళం లోపలి గోడ పాడవుతుంది. పాడైన చోట కొవ్వు పేరుకుంటుంది. దారి సన్నబడి ఒకనాడు మూసుకుపోతుంది. ఆ తెల్ల గోలీ దానికోసమే ఇచ్చాను. ఎందుకు మానేశావు?"

ఆండాళు నేల చూసింది. "నాకు గుండె జబ్బు లేదనుకున్న."

"రాకుండా ఉండడానికే ఇచ్చానమ్మా."

జగదీశ్ తల్లి వైపు చూశాడు. మానేసిన సంగతి అతనికి అప్పుడే తెలిసింది. మాట మార్చాడు. "వాకింగ్ చెయ్యాలంటున్నరు మేడం. మా అమ్మ పొద్దంత పొలంల వంగి లేస్తది గద, ఇంక వాకింగ్ ఎందుకు?"

"నాట్లు ఏడాది పొడుగునా ఉంటాయా? మిగతా రోజులు? ఇంటికొచ్చి గిన్నె నిండా అన్నం తిని పడుకోవడమే కదా? అన్నం తగ్గించి కూర, పప్పు పెంచాలి. ఉప్పు, పచ్చళ్లు తగ్గాలి. తంబాకు ముట్టొద్దు. బీపీ, కొవ్వు చూపించుకోవాలి. ఒక్కరోజు సుగర్ చూసుకుంటే సరిపోదు, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంటుంది, అది చేయించాలి. ఏడాదికోసారి ఈసీజీ. ఇదంతా ముందే చేసి ఉంటే స్టెంట్ దాకా వచ్చేది కాకపోవచ్చు."

ఇంటికొచ్చిన రెండో రోజు ముఠా అంతా చూడడానికి వచ్చింది. స్రవంతి బత్తాయిలు తెచ్చింది. మంచం చుట్టూ కూర్చున్నారు.

"అంత ఆ పుష్పాబాయి జేసిందే" అన్నది స్రవంతి. "దాని మునుం గూడ నువ్వే ఈడ్సుకొచ్చినవ్ పెద్దమ్మా. గదే నీ గుండెకు తాకింది."

"ఎప్పుడో ఎల్లగొట్టాల్సింది" అన్నది వనిత. "నీది పెద్ద మనసు గనుక ఇన్నొద్దులు ఆగినవ్. ఏ ముఠా వాళ్లు గూడ రానిస్తలేరంట దాన్ని. ఆండాళక్కనే మునుం ఇయ్యలేదంటె ఏందో ఉన్నదంటున్నరట."

ఆండాళుకు చెవుల్లో హోరు పుట్టింది. తను చేసింది ఒక్క పొలం గట్టు మీద అయిపోయిందనుకుంది. అది ఊళ్లు దాటి ఆ మనిషి కూడు మీద పడింది. చెప్పడానికి నోరు తెరిచింది. అందరూ ఆమె ముఖం వైపే చూస్తున్నారు, ఎంతో ప్రేమగా.

"చాయ్ తాగిపోర్రి" అన్నది.

వాళ్లు వెళ్లిపోయాక గోడ వైపు తిరిగి పడుకుంది. స్టెంట్ వేసినప్పుడు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. జగదీశ్ భయపడి నొప్పా అని అడిగితే కాదన్నది. ఏమిటని అడిగితే చెప్పలేదు.

కొన్నాళ్లకు పుష్పాబాయి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరిందని జగదీశ్ మాటల్లో తెలిసింది. నాట్లు అయిపోయి కలుపులు మొదలయ్యాయి. నడవొచ్చని డాక్టరమ్మ చెప్పాక, ఒకనాడు సూర్యాపేటలో రక్తపరీక్ష ఉందని చెప్పి ఆండాళు ఒక్కతే బయలుదేరింది. పరీక్ష చేయించుకుంది. తర్వాత మిర్యాలగూడ బస్సెక్కింది.

మిల్లు వెనక రేకుల షెడ్డులో పుష్పాబాయి పాత గోనెసంచులు దులిపి చిరుగులు కుడుతోంది. తవుడు దుమ్ము జుట్టు మీద, కనుబొమల మీద పేరుకుంది. ఆండాళును చూసి దబ్బనం ఆపింది. లేవలేదు.

"గింత దూరం ఎందుకొచ్చినవ్? ఆయాసపడుతవ్."

"ఆయాసం తగ్గింది" అన్నది ఆండాళు. ఎక్కడ కూర్చోవాలో తెలియక సంచుల కుప్ప మీద కూర్చుంది. "నువ్వు చెప్పినట్టే అయింది పుష్పా. సోడా తాగలే. అందుకే బతికిన."

"బతికినవ్ గద. మంచిదే."

"తప్పయింది. నువ్వు రావాలె. అచ్చే కారు నాట్లకు నీ మునుం నీకే."

పుష్పాబాయి మళ్లీ సంచి దులిపింది. దుమ్ము లేచి ఇద్దరి మధ్యా నిలిచింది. "ఈడ నాతోని చెప్తె ఏమొస్తది అక్కా? నాకు ఎరికే గద. నన్ను పని దొంగ అన్నది నువ్వు గాదు, వాళ్లు. నువ్వు ఊకున్నవ్. వాళ్లకు చెప్పు."

"చెప్త. పోయినంక చెప్త."

"పోయినంక చెప్పవ్." ఆ మాటలో కోపం కూడా లేదు. "ఇంటి దాంక పోతె మళ్ల చాయ్ పెడతవ్."

ఆ చాయ్ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో ఆండాళు అడగలేదు. ముఖమంతా మంటెక్కింది. చేతి సంచిలోంచి ఫోన్ తీసింది. ఇది ముఠా సద్ది తినే వేళ. స్రవంతి నంబరు నొక్కింది.

"పెద్దమ్మా! మంచిగున్నవా? ఆగు, అందరం ఈడనే ఉన్నం, స్పీకర్ పెడుతున్న."

గాలి హోరు, గిన్నెల చప్పుడు, ఎవరిదో నవ్వు వినిపించాయి. ఆండాళు కళ్లు మూసుకుంది.

"జర అందరు ఇనుర్రి. పుష్పాబాయి పని దొంగ గాదు. నాకు ఆయాసమొచ్చి నాటలేకపోతె నా మునుం సగం ఆమె నాటింది. అందుకే ఎనకవడ్డది. నాకు ఎరికే. ఎరికుండే మీరు అంటుంటె ఊకున్న. దవాఖానకు పో, లేకుంటె కొడుక్కు చెప్త అన్నదని, నా సంగతి బయటవడ్తదని మునుం ఇయ్యలే. గోలీలు గూడ నేనే మానేసిన. నా గుండెకు ఎవ్వలు ఏం జెయ్యలే, నేనే జేసుకున్న."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏందిది పెద్దమ్మా?" అన్నది స్రవంతి. "ఎన్నెన్ని మాటలన్న ఆమెను నేను! కొంగ అని, ఫొటో అని... నువ్వు పక్కనే కూసోని అన్నం తింటివి గద! మా నోటికి పాపం అంటించినవ్ గద!"

"అవును బిడ్డా."

"అవునంటవేంది మళ్ల!"

ఇంకో గొంతు, ఇంకో గొంతు కలిశాయి. పెద్ద మనిషివని నమ్మినమన్నారు. బత్తాయిలు మోసుకొచ్చినమన్నారు. మిల్లులో ఎవరో పుష్పాబాయిని కేకేశారు. ఆమె లేచి, చీర దులుపుకుని, ఆండాళు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆ చూపులో క్షమించినట్టు లేదు, క్షమించనట్టూ లేదు. ఆండాళు ఫోన్ కట్ చేయలేదు. వాళ్లు అనేదంతా చెవికి ఆనించుకుని విన్నది.

తిట్లు సన్నగిల్లాక ఫోన్ ఎవరి చేతిలోకో మారింది. గాలి చప్పుడు తగ్గింది. స్పీకర్ తీసేసి ఎవరో పక్కకు నడుస్తున్నారు.

"అక్కా, నేను వనితను." గొంతు బాగా తగ్గించింది. "నాకు గూడ సుగరున్నది. ఇంట్ల తప్ప ఎవ్వలకు చెప్పలే. ఈ మధ్య నడుస్తె ఆయాసమొస్తున్నది... నొప్పి లేకుండ గూడ వస్తదంటవా?"

ఆండాళు సంచుల మీద నుంచి లేచి నిలబడింది.

"వస్తది వనితా. రేపే దవాఖానకు పో. జగదీశ్ తోలుకపోతడు" అన్నది. "కని పక్కకు పోయి అడగకు. ఎనక్కి పోయి, అందరు ఇనేటట్టు అడుగు."

అవతల అడుగుల చప్పుడు మొదలై, ముఠా మాటలు మళ్లీ దగ్గరవుతూ వినిపించాయి.